ఆరో పిటిషనరు

ఆదివారం మధ్యాహ్నం ప్లీడరమ్మ పచ్చి బఠాణీలు ఒలుస్తూ న్యాయపీఠం మీద కూర్చుంది.

న్యాయపీఠం అంటే మరేం లేదు, ముందుగదిలో ఉన్న చేతుల కుర్చీ. దాని మీద రెండు మెత్తలు వేస్తే జడ్జి కాస్త ఎత్తుగా, హుందాగా కనిపిస్తాడని ఆమె భర్త నమ్మకం. ఆయన ఊళ్ళో పేరున్న ప్లీడరు. ఆయన భార్య కాబట్టి ఆమె ప్లీడరమ్మ. వీధంతా అలాగే పిలుస్తుంది. అలాగని ఎవరైనా ఆమెని ఒక్క సలహా అడిగితే ఒట్టు. "అయ్యగారున్నారా?" అని అడుగుతారు, లేరంటే మంచినీళ్ళు తాగి పోతారు.

రేపు పెద్ద కేసు ఉందంటే ఇవాళ ఇంట్లో వాదించి తీరాలి. ఇది పెళ్ళైన కొత్తలో మొదలైన తద్దినం. మొట్టమొదటి కేసులో జడ్జిని చూడగానే ఆయనకి నాలుక పిడచకట్టుకుపోయింది. వాయిదా అడిగి, ఇంటికొచ్చి, ముసుగుతన్ని పడుకున్నాడు. కొత్త పెళ్ళాం జాలిపడి, "పోనీ నాకు చెప్పండి, నేనే జడ్జిననుకోండి" అంది. ఏ ముహూర్తాన అందో గానీ వాయిదా నాడు ఆయన గెలిచాడు. ఇక అంతే, ఆ మాట ఇరవయ్యేళ్ళు దాటినా ఆమెని వదల్లేదు.

ఈ కోర్టులో జడ్జిగారికి రెండే మాటలు. మధ్యలో ఆగితే "కొనసాగించండి", అయిపోయాక "మీ వాదనతో ఏకీభవిస్తున్నాం". ప్రశ్నలు వెయ్యకూడదు, ఆవులించకూడదు. నవ్వడం అసలే కూడదు. ఒకసారి అద్దె ఎగ్గొట్టిన ఒక పెద్దమనిషి గురించి "నా కక్షిదారు పసిపిల్లాడి లాంటివాడు మైలార్డ్" అనేసరికి ఆమెకి ఫక్కున నవ్వొచ్చింది. ఆ పసిపిల్లాడు ముందురోజే ఇదే గదిలో కూర్చుని, మూడు కాఫీలు తాగి, ఇంటి ఓనరుని చెవులు మూసుకోవాల్సిన మాటలతో తిట్టి వెళ్ళాడు మరి. ప్లీడరు రెండు పూటలు అన్నం మానేశాడు. ఇంకోసారి ఆమెకి జ్వరమొస్తే కుర్చీలో దిండు పెట్టి దానికి వాదన వినిపించి వెళ్ళాడు. ఓడిపోయాడు. "నీ జ్వరం నా కేసు మింగేసింది" అన్నాడు, సాయంత్రం మాత్రలు చేతికిస్తూ.

ఇవాళ్టి కేసు లా కాలేజీది. పదో తరగతి, ఇంటరు వరసగా పాసై, ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్న ఆరుగురిని కాలేజీ గుమ్మంలోనే ఆపేసింది. కారణం, వాళ్ళు చదివింది ఓపెన్ స్కూల్లో. ఆరుగురూ కలిసి కోర్టుకెక్కారు. రేపు పొద్దున కోర్టు ఆపమంటే సీట్లు ఆగుతాయి, లేదంటే సాయంత్రానికి వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు. కాలేజీ తరఫు ప్లీడరు ఈయన. ఆ ఆరుగురిలో ఆరో మనిషి ఈవిడ.

ఆ సంగతి ఆయనకి తెలీదు. తెలిసే దారీ లేదు. పెద్ద ప్లీడర్లు పేర్లు చదవరు, జూనియరు రాసిచ్చిన ముక్కలు చదువుతారు. ఆ ముక్కల్లో మనుషులకి అంకెలే ఉంటాయి. పైగా సర్టిఫికెట్లలో ఆమెది పుట్టింటి ఇంటిపేరు.

తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పట్టింది. ఇంట్లో ఎవరో ఒకరు బడి మానాలి. ఎవరు మానాలన్నది ఎవరూ మాట్లాడుకోలేదు కూడా. అన్నయ్య సైకిలెక్కి బడికి పోయాడు, ఆమె వంటింట్లోకి పోయింది. మళ్ళీ పుస్తకం ముట్టుకున్నది కూతురు పదో తరగతికి వచ్చినప్పుడు. పిల్లకి పాఠాలు అప్పజెప్పించుకుంటూ, అప్పజెప్పించుకుంటూ, ఒకరోజు పిల్ల మర్చిపోయిన లెక్క తను చేసేసింది. చేసి తనే హడలిపోయింది. ఆ ఏడే ఓపెన్ స్కూల్లో పదోతరగతి కట్టింది. రెండేళ్ళు ఆగి ఇంటరు. ఒకటయ్యాక ఒకటి, అందరిలాగే హాల్లో కూర్చుని రాసింది. భూగోళం పరీక్ష నాడు అత్తగారి తరఫు చుట్టాలు ఎనిమిదిమంది ఊడిపడ్డారు. అందరికీ వండి పెట్టి ఉరుకుల మీద హాలుకి చేరేసరికి, పక్క బల్ల కుర్రాడు కళ్ళు తుడుచుకుంటూ "మేడమ్, మీ చేతులు ఉల్లిపాయల కంపు కొడుతున్నాయి" అన్నాడు. ఆ కంపుతోనే నదులన్నీ సముద్రంలో కలిపి వచ్చింది. ఇంట్లో ఆ చదువుకి ఏనాడూ మర్యాద దక్కలేదు. "గోడలుండవు, గంట ఉండదు, అదేం బడోయ్?" అనేవాడు ఆయన. "ఈ వయసులో పాసై ఎవరికి చూపిస్తావమ్మా?" అనేది అత్తగారు. పాసైనప్పుడు మాత్రం ఆయన మిఠాయి డబ్బా తెచ్చి, వచ్చినవాళ్ళందరికీ పంచుతూ "మా ఆవిడ సరదాగా రాసింది లెండి" అన్నాడు. ఆ మిఠాయి ఆమె నోట పెట్టుకోలేకపోయింది. ఏడుపొచ్చింది. తీపి పడదని చెప్పి లోపలికి పోయింది.

ఆ తరవాత ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లా ప్రవేశ పరీక్ష రాసింది. ర్యాంకు పట్టుకుని వెళ్తే, లా కాలేజీ కౌంటరు దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా "ఓపెనా, రెగ్యులరా?" అన్నాడు. "ఓపెన్" అంది. "అయితే అలా పక్కన నుంచోండి." నుంచుంది. అలా పక్కన నుంచున్నవాళ్ళు మధ్యాహ్నానికి ఆరుగురయ్యారు. లారీ డ్రైవరు ఒకడు, పోటీల కోసం ఊళ్ళు తిరిగే ఈతపిల్ల, చక్రాల కుర్చీలో వచ్చిన అబ్బాయి, ఆస్పత్రి ఆయా, బట్టల షాపులో లెక్కలు రాసే అతను, ఈమె. చాలాసేపు నుంచోబెడితే మనుషులకి స్నేహాలు కుదురుతాయి. ఈతపిల్లకి తెలిసిన లాయరమ్మ ఒకావిడ ఉంది. వారం తిరిగేసరికి పిటిషను పడింది. ఇంకో నాలుగురోజులకి తన ఇంట్లో, తను దుమ్ము దులుపుతున్న బల్ల మీద, కాలేజీ ఫైలు కనబడింది.

"నువ్వే ముందు చెప్పెయ్యి తల్లీ, కోర్టులో తెలిస్తే ఆయన పరువు పోతుంది" అంది లాయరమ్మ. నిజమే. చెబుదామని ఎన్నిసార్లు మాట నోటిదాకా రాలేదు! కాఫీ ఇస్తూ "ఏమండీ" అంటే "సాక్సులెక్కడ?" అన్నాడు. అన్నం పెడుతూ "ఒక మాట" అంటే ఫోనొచ్చింది. ధైర్యం చేసి "లా కాలేజీ కేసు..." అనగానే "ఆదివారం కూర్చోబెడతాగా, అప్పుడు విందువుగాని" అన్నాడు. ఇదిగో, ఆదివారం వచ్చి కూర్చుంది.

ప్లీడరు పైజామా మీద నల్లకోటు తొడుక్కుని గొంతు సవరించుకున్నాడు. కిటికీ పక్క మంచం మీద అత్తగారు కూర్చుంది. ఆవిడ ఈ కోర్టుకి ప్రేక్షకురాలు. కొడుకు ఏమన్నా బాగుందనడం ఆవిడ పని.

"మైలార్డ్! ఈ ఆరుగురూ బడి మొహం చూడనివాళ్ళు. న్యాయశాస్త్రం అంటే బస్సు టిక్కెట్టు కాదు, ఎక్కడ ఎక్కినా ఇవ్వడానికి!"

"బాగుందిరా" అంది అత్తగారు.

"ఒకటో పిటిషనరు లారీ డ్రైవరు. రెండో పిటిషనరు ఈతపిల్ల. మూడో పిటిషనరు..." అంటూ చెయ్యి ఊపి, దగ్గొచ్చి, "మంచినీళ్ళు" అన్నాడు. న్యాయమూర్తిగారు ఒళ్ళో బఠాణీలు పక్కన పెట్టి, పీఠం దిగి, వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు కడిగి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆయన తాగి, గ్లాసు న్యాయమూర్తి చేతికే ఇచ్చి, "ఎక్కడిదాకా వచ్చాను?" అన్నాడు.

"మూడో పిటిషనరు" అంది.

"ఆఁ. వాళ్ళ సంగతి అలా ఉంచండి. ఇక ఆరో పిటిషనరు! నలభై మూడేళ్ళ గృహిణి, మైలార్డ్. ఇంట్లో పనేమీ లేదు కాబోలు, తోచక, సరదాగా లా చదువుదామని బయల్దేరింది!"

ప్లీడరమ్మ చేతిలో బఠాణీ కాయ పటుక్కుమంది. పనేమీ లేదట! పొయ్యి మీద కూర ఉంది, దండెం మీద ఆయన చొక్కాలున్నాయి, మంచం మీద ఆయన తల్లి మోకాళ్ళకి పూసిన నూనె తన చేతులకి ఇంకా జిడ్డుగానే ఉంది. కడుపు రగిలిపోయింది. అదే క్షణంలో, ఖర్మ కొద్దీ, నవ్వు కూడా వచ్చింది. ఒలిచిన బఠాణీ ఒకటి నోట్లో వేసుకుని గట్టిగా నమిలింది.

"ఈ ఆరో పిటిషనరు భర్తని తలుచుకుంటే జాలేస్తోంది మైలార్డ్!" ఆయనకి ఊపొచ్చింది. "ఎవరో పాపం, ఒట్టి అమాయకుడు. ఇంట్లో ఏం జరుగుతోందో ఆ మహానుభావుడికి తెలుసో లేదో!"

"తెలీదు" అంది న్యాయమూర్తి.

"ఏంటి?"

"కొనసాగించండి."

ఆయన కొనసాగించబోయాడు. ఇంతలో ఆమె నోరు ఊరుకోలేదు. "ఒక ప్రశ్న. ఆరో పిటిషనరు పదోతరగతి పరీక్ష రాసి పాసైందా?"

ప్లీడరు చిరాగ్గా చూశాడు. ఈ కుర్చీలోంచి ప్రశ్న రావడం ఇదే మొదలు. అంతలోనే మొహం విప్పారింది. "భేష్! రేపు జడ్జి అడిగినా అడుగుతాడు. అడుగు, అడుగు. పాసైంది మైలార్డ్."

"ఆ తరవాత ఇంటరు?"

"అదీ పాసైంది. ప్రవేశ పరీక్షా పాసైంది. కానీ పరీక్ష ఎవడైనా రాస్తాడు! బడంటే పరీక్షా? బడంటే వేళకి లేవడం! వేళకి తెమలడం! పదిమందిలో మెలగడం, ఒక మాట పడి ఓర్చుకోవడం, చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం! ఆ క్రమశిక్షణ గోడల మధ్య వస్తుంది మైలార్డ్, గాల్లోంచి రాదు. అది ఈ ఆరో పిటిషనరుకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మంచి వాదనే. ఆయనకే ఒళ్ళు పులకరించింది.

"అదేవిట్రా" అంది అత్తగారు కిటికీ దగ్గర్నుంచి, అమాయకంగా. "ఇంట్లో ఉన్న ఆడదానికి అవన్నీ మామూలేగా. మీ ఆవిడ అయిదింటికి లేవడం లేదూ? మనం అనేవన్నీ పడి ఊరుకోవడం లేదూ?"

"అమ్మా! ప్రేక్షకులు మాట్లాడకూడదు!"

"సరే, మాట్లాడను. బాగుందిరా."

లోపల కుక్కరు కూసింది. న్యాయమూర్తి లేచి వెళ్ళి పొయ్యి కట్టేసింది. వంటింట్లో ఒంటరిగా ఒక నిమిషం గట్టు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు వెళ్ళి "ఏకీభవిస్తున్నాం" అనేస్తే సాయంత్రం ప్రశాంతంగా గడుస్తుంది. కూర బాగుందంటాడు. రేపు గెలిచొస్తాడు. డ్రైవరు లారీ ఎక్కుతాడు, ఈతపిల్ల నీళ్ళలోకి దిగుతుంది, తను బఠాణీలు ఒలుస్తుంది. ఇన్నేళ్ళూ ఎన్ని కేసుల్లో ఏకీభవించలేదు గనక! గూండాలతో ఏకీభవించింది, దొంగలెక్కల వాళ్ళతో ఏకీభవించింది. వాళ్ళందరికీ ఇంట్లో ఒక తీర్పు దొరికింది. ఆరో పిటిషనరు ఒక్కత్తే ఈ గుమ్మంలో ఓడిపోవాలా? ఛీ, అనుకుంది. చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

"ముగిస్తున్నా మైలార్డ్. పిటిషను కొట్టివేయాలని ప్రార్థన." ఆయన కోటు సర్దుకుని, నుదురు తుడుచుకుని, భార్య వైపు తిరిగాడు. "ఊఁ, చెప్పు తీర్పు. ఇవాళ అదిరింది కదూ?"

ఆమె కుర్చీలో కూర్చోలేదు. బఠాణీల గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ కేసు నేను వినకూడదండీ."

"ఏం?"

"కేసులో సంబంధం ఉన్న జడ్జి తప్పుకోవాలి కదా."

"నీకేం సంబంధమోయ్?"

"ఆరో పిటిషనర్ని నేనే."

ప్లీడరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ కోడలి వైపు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన నవ్వు పెదాల మీదే ఎండిపోయింది. కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. మొదట కోపమొచ్చింది. "నా ఇంట్లోనా? నా మీదా?" అన్నాడు. తరవాత భయమేసింది. "రేపు కోర్టులో నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. ఆ తరవాత జాలి వేసింది, తన మీద తనకే. అవన్నీ అయ్యేదాకా ఆమె నిలబడే ఉంది. ఇంత జరిగినా ఆయన చెడ్డవాడు కాడని ఆమెకి తెలుసు. అందుకే ఇన్నాళ్ళు చెప్పలేకపోయింది, చెడ్డవాడైతే ఎప్పుడో దులిపేసేది.

కాసేపటికి ఆయన మొహంలోకి మళ్ళీ ప్లీడరు వచ్చాడు. లేచి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పిచ్చిదానా! దీనికోసం కోర్టుదాకా పోవాలా? ముందే ఒక్క మాట నా చెవిన వేస్తే సరిపోయేదిగా! ప్రిన్సిపాలు నా మాట తీసెయ్యడు. ఇప్పటికైనా మించిపోయింది లేదు. రేపు పొద్దున్నే పిటిషన్లోంచి నీ పేరు తీయించుకో. నీ సర్టిఫికెట్లు అన్నీ సక్రమంగా ఉన్నాయి, ఒకటయ్యాక ఒకటి పాసయ్యావు, తప్పు పట్టడానికేం లేదు. మధ్యాహ్నానికల్లా నీ సీటు నీకు ఇప్పిస్తాను. ఆ మిగతా అయిదుగురి సంగతి నేను కోర్టులో చూసుకుంటాను. సరేనా?"

ఎంత ప్రేమగా అన్నాడో! ఆమె ఒక్క క్షణం ఊగింది. మరుక్షణం తెప్పరిల్లి, ఆయన కోటు మీద పడ్డ బఠాణీ తొక్క తీసి పారేసింది.

"అయితే అర్హత ఉన్నట్టేగా" అంది. "రేపు ఆ ముక్కే కోర్టులో చెప్పండి. ఆరుగురికీ కలిపి."