కోపమని చెప్పండి

రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది గాని మబ్బు విడలేదు. పైకి పోయే దారి లేక ఉక్కు ఫ్యాక్టరీ పొగ మరోదా కూలీ బస్తీ ఇళ్ళ మీదికి దిగి అక్కడే నిలిచిపోయింది. పొద్దు ఎటు పొడిచిందో కూడా తెలియడం లేదు.

అప్పలసూరి తలుపు తీసేసరికి గుమ్మంలో సత్యలక్ష్మి నిలబడి ఉంది. పోలయ్య పెళ్ళాం. ఇంత పొద్దున్నే ఏనాడూ వచ్చిన మనిషి కాదు.

“బావా, నిన్నటి సంగతి పది గంటలకి ఆఫీసులో మిమ్మల్ని అడుగుతారట గదా. కోపమని సెప్పండి. కోపమొస్తే ఆయనకి ఒళ్ళు తెలీదు.”

“అయిదేళ్ళనించీ సూస్తన్నాను. మీ ఆయన కోపం నాకెప్పుడూ అగుపడలేదేటమ్మా?”

“ఇంట్లో అగుపడతాది” అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మొగుడి కోపం పడే ఆడదాని మొహం కాదది. ఏదో దాచిన మొహం.

కాంట్రాక్టరు యార్డులో పోలయ్య క్రేను నడుపుతాడు. కింద ఇనుప దూలాలకి గొలుసు తగిలించే ఖలాసీ అప్పలసూరి. నిన్న మధ్యాహ్నం దూలం గాల్లో ఉండగా పైనుంచి ఒక్క కేక. దూలం గిర్రున తిరిగి అప్పలసూరి తలకి జానెడు ఎడంగా పోయింది. పైన క్రేను గదిలో పోలయ్య కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కింద ఉన్న విజయనగరం కూలీలు ఎక్కి పట్టుకోవడం మానేసి చేతులు జోడించారు. పైడితల్లి పూనిందని ఒకడు పసుపునీళ్ళకి పరిగెత్తాడు. అప్పలసూరి నిచ్చెనెక్కి వెళ్ళేసరికి పోలయ్య లేచి కూర్చుని తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నాడు.

“గోవిందరావు మేస్త్రీ తిట్టినాడన్నా. కోపం ఆగలేదు” అన్నాడు.

మేస్త్రీ తిట్టిన మాట నిజమే. కాని కేక ముందా, తిట్టు ముందా? అప్పలసూరి చెవిలో రెండూ వరస తప్పకుండా ఉన్నాయి. ముందు కేక. ఆ తర్వాతే తిట్టు.

కోపమంటే మూడు రోజులు పని ఆపుతారు. పూనకమంటే నవ్వి ఊరుకుంటారు. మూర్ఛ అని తేలిందా, పోలయ్య ఇక జన్మలో క్రేను ఎక్కడు. ఎక్కితే దాని కింద ఉండేది అప్పలసూరి తల, మరో పదిమంది తలలు.

సుపేలా రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర పోలయ్య కాచుకుని ఉన్నాడు. “దా అన్నా. భయ్యా, దో చాయ్!”

పక్కనే ఉన్న విజయనగరం మనిషి పళ్ళికిలించాడు. “ఒరే పోలయ్యా, తల్లి మళ్ళీ వొస్తే నాకు కంపెనీ కోర్టరు ఎప్పుడిస్తారో అడుగు మరి!”

పోలయ్య నవ్వాడు. టీ చల్లారే దాకా ముట్టలేదు. ముట్టాక ఒక పక్క దవడతోనే చప్పరించాడు.

“నాలిక్కేటయింది?”

“సున్నం ఎక్కువయిపోనాది.”

పోలయ్య ఆకు వేసుకోవడం అప్పలసూరి ఎన్నడూ చూడలేదు. ఆ నాలిక అంచున ఎర్రగా పంటిగాటు మాత్రం కనబడింది. పోలయ్య అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు.

“అన్నా, నిన్న నానేటని అరిసినాను? మాటలేటైనా అన్నానా?”

కోపంలో అన్నమాట మనిషి కాదనొచ్చు, మార్చి చెప్పొచ్చు. అసలు అన్నానా అని ఇంకొకణ్ణి అడగడు. అప్పలసూరికి టీ చేదుగా తగిలింది.

పది గంటలకి ఆఫీసు రేకుల షెడ్డులో యార్డు చూసే హిందీ సాబు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. గోవిందరావు మేస్త్రీ పొగరని చెప్పాడు. విజయనగరం వాళ్ళు తల్లి అన్నారు. సాబు విసుక్కుని అప్పలసూరి వైపు తిరిగాడు.

“గుస్సా థా?” కోపమేనా అని.

పోలయ్య రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అప్పలసూరి సాబు వైపే చూసి చెప్పాడు.

“గుస్సా నహీ సాబ్.”

“తో క్యా? మిర్గీ?” మరి మూర్ఛా అని సాబు.

“హా సాబ్. మిర్గీ.” ఆ తర్వాత హిందీ అందక తెలుగులోకి దిగాడు. “మేస్త్రీగారూ, మీరు సెప్పండి సాబుకి. కింద నా కాడ గొలుసు పని ఇమ్మనండి. నాను సూసుకుంటాను.”

గోవిందరావు చెప్పాడు. డాక్టరు చీటీ తెచ్చేదాకా క్రేను ఎక్కొద్దనీ, కింద పని చెయ్యమనీ సాబు రాసేశాడు.

అప్పుడు లేచాడు పోలయ్య. స్టూలు ఒక్క తన్ను తన్నాడు. మొహం కందగడ్డయింది.

“నీ తమ్ముడి నాగ తిరిగినాను గదన్నా! నా కాళ్ళిరగ్గొట్టీసినావు! నీ తల కోసం నా బతుకు దించీసినావు! సూడు, ఇదీ కోపమంటే! సూసుకో!”

అప్పలసూరి చూశాడు. ఒక్క మాట తడబడలేదు. ఇందులో ఒక్కటీ పోలయ్య మరిచిపోడు.

మధ్యాహ్నం గంట కొట్టాక అప్పలసూరి దూలాల గుట్ట పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. గేటు దగ్గర ఎవరు చెప్పారో, సత్యలక్ష్మి సంగతంతా వినే వచ్చింది. శాపనార్థాలు పెడుతుందనుకుని తల దించుకున్నాడు. ఆమె క్యారేజీ తెచ్చి అతని ముందే దించింది. మొగుడి రెక్క పట్టుకుని తెచ్చి ఎదురుగా కూలేసింది. రెండు గిన్నెల్లో అన్నం పెట్టి, ఎండుచేపల పులుసు పోసింది. ఆమె చేతులు స్థిమితంగా ఉన్నాయి. పొద్దున్న దాచుకున్నదేదీ ఇప్పుడా మొహంలో లేదు.

పోలయ్య లేచి పోతాడేమోనని అప్పలసూరి ఓరకంట కనిపెడుతూనే ఉన్నాడు. పోలయ్య ఆ చూపు కనిపెట్టాడు. ఇద్దరూ గిన్నెల్లోకి తల వంచారు. అన్నం కలుపుకున్నారు, తిన్నారు.