దుమ్ము కాదు

మందుల కంపెనీలో నలుసుల సైజు కొలిచే గదిలో పనిచేసే అమ్మాయికి లోకంలో మాట్లాడే మనిషి ఒక్కతే, పై అంతస్తులో మందు తయారుచేసే అక్క. సొంత అక్కేం కాదు. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని దిగొచ్చి, "ఏమే మూగమొద్దూ, బతికే ఉన్నావా?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చునేది. ఆ అరగంట కోసమే అమ్మాయి పొద్దున్నే లేచేది. నవ్వకండి, ఒంటరివాళ్లకి అరగంటంటే మాటలు కాదు.

ఒకరోజు అక్క తన రెండేళ్ల చాకిరీ సీసాలో తెచ్చింది. నరంలోకి ఎక్కించే మందు, కంటికి కనపడని కొవ్వు బిందువుల్లో నింపింది. అమ్మాయి దాన్ని గాజు గొట్టంలో పోసి లేజర్ ముందు పెట్టింది. బిందువులు కదిలేకొద్దీ వెలుతురు మిణుకుమంటుంది. చిన్నవైతే చకచకా, పెద్దవైతే బద్ధకంగా. ఆ మిణుకుల్ని యంత్రం మళ్లీ మళ్లీ పట్టి, ఒక్కో రన్‌కి, అంటే ఒక్కోసారి కొలిచినదానికి, ఒక్కో గీత గీస్తుంది. గీతలన్నీ సగటు కట్టి, దానికి సరిపోయే లెక్క కుదిరిస్తే సైజు తేలుతుంది. మధ్యలో ఒక్క దుమ్ము నలుసు అడ్డొచ్చిందా, దాని వెలుగులో మిగతావన్నీ కొట్టుకుపోతాయి. అలాంటి రన్ తీసి పారేయడం అందరూ చేసేదే.

ఈసారి అలాంటివి మూడోవంతు వచ్చాయి.

"దుమ్మేలే. తీసేసి సగటు కట్టు," అంది అక్క. తీసేస్తే లెక్క గీత మీద అతికినట్టు కూర్చుంది. అక్క మొహం వెలిగిపోయింది. "రిపోర్టు పంపెయ్యి. రేపు పెద్దాయన ముందు పెట్టాలి. నా పరువు నీ చేతుల్లో ఉందే."

అక్క వెళ్లాక అమ్మాయి మనసు ఊరుకోలేదు. దుమ్మైతే వడకడితే పోవాలి కదా! వడకట్టింది. పోయింది. హమ్మయ్య అనుకుని, టీ తాగొచ్చి చూస్తే మళ్లీ ప్రత్యక్షం. మూత తీయలేదు, గాలి తగల్లేదు, దుమ్మెక్కడిది? బిందువులే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కడుతున్నాయి. ఆ ముద్దలు ఎవరి నరంలోకైనా వెళ్తే ఇంకేమైనా ఉందా!

పైకి పరుగెత్తింది. "అక్కా, అది దుమ్ము కాదు."

"దుమ్మే అనుకోవే. ఈ ఒక్కసారికి."

అక్క బతిమాలడం ఎన్నడూ విని ఎరగదు. ప్రాణం ఉసూరుమంది. కిందికొచ్చి, ఒక్క రన్ కూడా తీసేయకుండా రిపోర్టు పంపి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మందు ఆగిపోయింది. అక్క దిగి రావడమూ ఆగిపోయింది. కుర్చీ ఉన్నచోటే ఉంది. అమ్మాయి దాన్ని రోజూ తుడిచేది.

కొన్ని నెలలకి అక్క మందుదే కొత్త సీసా వచ్చింది. ఎవరో తెచ్చి పెట్టిపోయారు. కొలిచింది. మర్నాడు మళ్లీ కొలిచింది. ఒక్క రన్ కూడా తీసేయాల్సిన పని పడలేదు. సంతోషం పట్టలేక మెట్లెక్కి వెళ్లేసరికి, అక్క నలుగురి మధ్య డబ్బా విప్పుతోంది.

"అక్కా, కుదిరింది! ముద్దల్లేవు!"

అక్క కళ్లు మెరిశాయి. మెరిసినంత సేపు పట్టలేదు ఆరిపోవడానికి.

"చాలా థాంక్సండీ," అంది. "రిపోర్టు మెయిల్ చేసెయ్యండి."

'మూగమొద్దూ' అని తిట్టినా ఎంత బాగుండేది! అమ్మాయి తలూపి కిందికొచ్చింది. రిపోర్టు పంపింది. రెండో కుర్చీని తీసి గోడవారగా పెట్టి, డబ్బా విప్పుకుని తినడం మొదలుపెట్టింది.