ఓనరు మాట

మా అక్క మాట పడే మనిషి కాదు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు అందరి ముందూ "నీకు బుర్ర లేదు" అన్నాడని ఏడాదంతా ఆయన ముఖం చూడలేదు. మార్కులు మాత్రం క్లాసులో అందరికంటే ఎక్కువ తెచ్చుకుని ఆయన కడుపు మండించింది. అలాంటి మనిషిని పట్టుకుని మా బావ, ఇంటికొచ్చిన స్నేహితుల ముందు, "తిండి పెడుతున్నాను, నోరు మూసుకుని పడి ఉండు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పాపనీ ఒక సూట్‌కేసునీ వెంటబెట్టుకుని అక్క మా ఇంటికి వచ్చేసింది. ఏడవలేదు. స్నానం చేసి, పాపకి జడ వేసి, స్కూలుకి తీసుకెళ్ళింది.

మా ఇంటి మీద ఒక చిన్న పోర్షన్ ఉంది. ఒక గది, వంటిల్లు, బట్టలారేసుకునేంత బాల్కనీ. అద్దెకిచ్చేవాళ్ళం. అప్పటికి ఖాళీగానే ఉంది. అక్క పైన ఉంటుందిలే అని నేను మనసులోనే సామాను సర్దేసుకున్నాను. మా ఆయన మాత్రం బాత్‌రూము గోడలో పైపు కారుతోందనీ, గోడ పగలగొట్టాలనీ, ప్లంబరు చేతినిండా పనిలో ఉన్నాడనీ, ఇప్పుడప్పుడే తెమిలే వ్యవహారం కాదనీ చెప్పాడు. ఇంటి మరమ్మతులన్నీ ఆయనే చూసుకుంటాడు. నమ్మాను.

పాప ఎవరి దగ్గర ఉండాలన్న విషయం కోర్టుకి వెళ్ళింది. బావకి సొంత ఇల్లుంది, పాపకి విడిగా గది ఉంది. అక్కకి ఉద్యోగం ఉంది, ఇల్లు లేదు. లాయరమ్మ నాన్చకుండా చెప్పింది. చెల్లెలి హాల్లో పరుపేసుకుని పడుకుంటున్నామంటే జడ్జి దగ్గర చెల్లదు, మీ పేరు మీద అద్దె కాగితం ఉండాలి, నెలాఖరున వాయిదా, ఆలోగా తెండి, లేకపోతే పాప తండ్రి దగ్గరికి వెళ్ళిపోతుంది అంది.

నేను పనిచేసేది ఇళ్ళు అద్దెకి వెతికిపెట్టే సైటులో. అందులోనూ వెతికే విభాగంలోనే. ఇంతకంటే ఏం కావాలి? మా సైటు తెరిచి "ఒంటరి మహిళ" అని కొట్టి చూడు అక్కా, అలాంటివాళ్ళకి ఇచ్చే ఇళ్ళు వస్తాయి అన్నాను. కొట్టింది. పుట్టలోంచి చీమలు వచ్చినట్టు వచ్చాయి ఇళ్ళు. అక్క ముఖం విప్పారింది. "లోకం మనం అనుకున్నంత చెడిపోలేదే" అంది.

సాయంత్రాలు మా ఆయనే స్కూటరు మీద దగ్గరుండి తిప్పాడు. ఒకాయన గదులన్నీ చూపించి, కుళాయిలు తిప్పి చూపించి, చివర్లో "మీవారు ఎప్పుడొస్తారమ్మా" అని అడిగాడు. రారు అనగానే ఇల్లు వాళ్ళ తమ్ముడికి మాటిచ్చిన సంగతి గుర్తొచ్చింది ఆయనకి. ఇంకొకావిడ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. ఒక ముసలావిడ పాపం మంచినీళ్ళిచ్చి, "నేనూ ఒంటరిదాన్నేనమ్మా, అందుకే నాకు భయం" అంది. ఆవిడకేం భయమో, మా అక్కని చూసి దేనికి భయమో మాకు అర్థం కాలేదు. తిరిగొచ్చాక మా ఆయన పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రేపు చూద్దాం వదినా, ఊరు గొడ్డుపోలేదు కదా అని ధైర్యం చెప్పేవాడు. ఇలాంటి మొగుడు దొరికినందుకు లోలోపల పొంగిపోయాను కూడా. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పుడు వాంతి వస్తుంది.

ఒకరోజు అక్క చెప్పులు విప్పుతూ, నవ్వుతూనే అంది.

"మీ సైటు నన్ను వద్దనేవాళ్ళని ఏరి ఏరి చూపిస్తోందే."

అందరం నవ్వాం. కానీ ఆ మాట చెవిలో దూరిన దోమలాగా నన్ను వదల్లేదు. ఒకళ్ళిద్దరు వద్దన్నారంటే సరే. చూసిన ప్రతి ఇల్లూ ఎందుకు వద్దంటుంది?

మర్నాడు ఆఫీసులో కూర్చుని అక్క కొట్టిన మాటే కొట్టాను. ఫలానా ఇల్లు ఎందుకు తెచ్చావు అని అడిగితే మా సెర్చ్ ఇంజిన్ కారణం చెబుతుంది, ఏ మాట ఏ గడిలో దొరికిందో చూపిస్తుంది. ప్రతి ఇంటికీ మా దగ్గర చాలా గడులుంటాయి. ఇంటి వర్ణన ఒక గడి, చుట్టుపక్కల ఏమున్నాయో ఒక గడి, ఇలా. వెతికేవాళ్ళకి ఒక్కో గడీ విడిగా వెతకడం ఆలస్యమని అన్నిటినీ ఒక పెద్ద గడిలోకి కాపీ చేసి అందులో వెతుకుతాం. ఏవేవి కాపీ చేయాలో పేరుపేరునా రాయడానికి బద్ధకించి, నాకు ముందు పనిచేసిన మహానుభావుడెవరో ఒక్క నియమం రాసి తేల్చేశాడు. ముందు ఒక నక్షత్రం గుర్తు, వెనక "టెక్స్ట్" అన్న తోక. అంటే, పేరు ఏదైనా కానీ, చివర ఆ తోక ఉంటే చాలు, ఆ గడిలో ఉన్నదంతా పెద్ద గడిలోకి వచ్చి పడుతుంది. రేపు పుట్టబోయే గడులు కూడా.

ఆ తరవాత ఎప్పుడో, ఫోన్లు ఎత్తే అమ్మాయిల కోసం "ఓనరు మాట" అని ఒక గడి పుట్టించారు. ఇంటివాళ్ళు ఫోనులో చాటుగా చెప్పేవి అందులో రాసుకుంటారు. జనానికి కనబడదు. పుట్టించినవాడు దానికీ అలవాటుగా అదే తోక తగిలించాడు. కనబడకుండా దాచారు కానీ, కాపీ కాకుండా ఎవరూ ఆపలేదు. నియమానికి తోక కనబడితే చాలు, లోపల ఏముందో దానికెందుకు?

అక్కకి వచ్చిన ఇళ్ళన్నీ ఆ గడి మూలంగానే వచ్చాయి. ఒక్కొక్కటే తెరిచాను. "ఒంటరి మహిళ అయితే వద్దు." "ఒంటరి మహిళ వస్తే ఇల్లు ఖాళీ లేదని చెప్పాలి." "ఒంటరి మహిళ, విడాకులు, ఇలాంటివి పంపకండి." ఇంజిన్‌కి మాటలు తెలుసు. ఆ మాటల పక్కన రమ్మని ఉందో పొమ్మని ఉందో తెలియదు. అక్క తన పరిస్థితి రాసి అడిగితే, ఆ పరిస్థితిని అసహ్యించుకునేవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చూపించింది. అక్క నవ్వులాటకి అన్నది అక్షరాలా నిజం.

నా తెర మీద, తాత్కాలికంగా పక్కన పెట్టిన ఇళ్ళు కూడా వస్తాయి. అవి బయటివాళ్ళకి రావు. కిందికి జరుపుతూ పోతుంటే ఒక బాల్కనీ ఫోటో వచ్చింది. తీగ మీద ఆరేసిన నీలం దుప్పటి నాది.

మా పోర్షనే. కోర్టు గొడవ మొదలైన వారంలోనే మా ఆయన రాయించిన మాట అది. "ఒంటరి మహిళ అయితే వద్దు. ఓనరు భార్య అక్కగారు ఫోన్ చేస్తే రిపేరు ఉందని చెప్పాలి. కోర్టు పని అయ్యాక మళ్ళీ లిస్టింగులో పెట్టాలి."

కోర్టు పని అయ్యాక. అంటే పాప వెళ్ళిపోయాక. ఆ మాట ఫోనులో అంత తాపీగా చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి అదే పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నాకు కోపం రావడానికి కూడా కాసేపు పట్టింది.

లేచి మా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేం సున్నా సారు అంటాం. ఏం వెతికినా సున్నా ఇళ్ళు దొరికాయని తెర మీద రాకూడదన్నది ఆయన మతం. సంగతంతా చెప్పి, ఆ ఒక్క గడినీ కాపీలోంచి తప్పించి, ఇళ్ళన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కిద్దామన్నాను. తప్పిస్తే ఏం వస్తుందో కూడా పరీక్ష మిషను మీద చూపించాను. "ఒంటరి మహిళ" అని కొడితే తెల్లటి తెర. ఒక్క ఇల్లూ లేదు.

సారు ముఖం మాడింది. ఇలా వెతికేవాళ్ళు మిగతా అందరికంటే ఎక్కువసేపు సైటులో ఉంటారనీ, ఎక్కువ ఇళ్ళు తెరుస్తారనీ, మళ్ళీ మళ్ళీ వస్తారనీ లెక్కలు చూపించాడు. మనకి వాళ్ళే మంచి గిరాకీ అన్నాడు.

"వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చేది ఇల్లు దొరక్క సార్."

"దొరక్కపోవడం ఇంటివాళ్ళ తప్పు. సున్నా చూపించడం మన తప్పవుతుంది. దాన్ని ముట్టుకోకు."

వాళ్ళకి కాళ్ళరిగేలా తిరగడమైనా తప్పుతుంది కదా అని నేనంటే, ఆయన అప్పటికే వేరే ఫైలు తెరిచాడు. ఎవరి కాళ్ళో అరిగితే ఆయనకేం పోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అక్క, పాప ఇంకా రాలేదు. మా ఆయన సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ మూడు వాక్యాలూ పొల్లుపోకుండా ఒప్పజెప్పాను. కంగారుపడతాడనుకున్నాను. కప్పు కింద పెట్టి, కూర్చో అన్నాడు. హాల్లో ఎన్నాళ్ళుంచమన్నా ఉంచుతాను, సొంతవాళ్ళు పైన చేరితే మళ్ళీ లేవరు, రేపు మీ బావ వచ్చి గొడవ చేస్తే వీధిలో తలెత్తుకోగలమా అన్నాడు. అంతా మన మంచికే చేశానన్నాడు. వినడానికి ఎంత సబబుగా ఉంది! గొంతు కూడా పెంచలేదు. నాకు ఆ కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

"ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. అద్దె కాగితం మీద నేను సంతకం పెడుతున్నాను. నువ్వూ పెడుతున్నావు" అన్నాను. "పెట్టకపోతే నువ్వు రాయించిన ముక్క మీ అమ్మగారికీ, మీ ఆఫీసులో వాళ్ళకీ చదివి వినిపిస్తాను."

చివరికి ఒప్పుకున్నాడు. ఒక్కటే అడిగాడు.

"వదినకి మాత్రం చెప్పకు."

నోటిదాకా వచ్చిన మాట మింగాను. ఆయన కోసం కాదు. మా అక్కకి ఈ సంగతి తెలిస్తే కాగితం చింపి ఆయన ముందే పారేసి, పాపని తీసుకుని ఆ పూటే గడప దాటుతుంది. ఎక్కడికని కూడా ఆలోచించదు. వాయిదా వచ్చే వారమే. అక్క పౌరుషం నిలబడాలా, పాప నిలబడాలా అంటే నేను పాపని ఎంచుకున్నాను. పైపు బాగయిందని చెప్పాం. అసలు కారితేగా.

కాగితం చూసి జడ్జి పాపని అక్క దగ్గరే ఉండమన్నారు. ఆ సాయంత్రం అక్క మిఠాయి పొట్లంతో కిందికి దిగింది. మొదటి ముక్క మా ఆయనకి పెట్టింది. ఎన్నడూ ఎవరి ముందూ తల వంచని మనిషి, ఆయనకి రెండు చేతులూ జోడించింది. సొంత తమ్ముడైనా ఇంత చేయడని లాయరమ్మతో అందట, స్కూల్లో టీచర్లతో అందట. మా ఆయన ఎంతో వినయంగా, "దానిదేముంది వదినా, మన ఇల్లేగా" అన్నాడు. అని నావైపు చూడకుండా మిఠాయి తిన్నాడు.

సైటులో ఆ నియమం ఇప్పటికీ అలాగే ఉంది. రోజూ ఎవరో ఒకావిడ ఆ రెండు మాటలు కొడుతూనే ఉంటుంది. ఇళ్ళు వస్తూనే ఉంటాయి. నేను రోజూ కింద ఒక మనిషితో మాట్లాడడం మానేసి, పైన ఆ మనిషి గొప్పదనం వింటున్నాను.

మొన్న బాల్కనీలో బట్టలు తీస్తూ అక్క నన్ను పక్కకి పిలిచింది. చూస్తూనే ఉన్నానే, మరిదితో ఎందుకంత ముభావంగా ఉంటావు, ఆయన పలకరించినా పలకవేం అని అడిగింది.

"నీకు విలువ తెలియడం లేదు" అంది. "నాకు దొరికినవాడెలాంటివాడో చూశావు. ఇలాంటి మనిషి దొరకడం నీ అదృష్టం. కాస్త మంచిగా ఉండు."

నీలం దుప్పటి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నాకిచ్చింది. ఇద్దరం కలిసి మడతపెట్టాం.

"సరే అక్కా" అన్నాను.