మారు మనిషి

సూర్యకుమారి భోజనాల బల్ల తుడుస్తోంది. ఆ బల్ల మీద దుమ్ము అన్ని బల్లల మీదా పడినట్టు పడదు. ఏటి ఇసుకలో గాలి గీసిన గీతల్లా, కిటికీవైపు ఒరిగి చారలు చారలుగా పేరుకుంటుంది. కిటికీలు మూసే ఉన్నాయి. ఫ్యాన్లు ఆగే ఉన్నాయి. అయినా ఆమె మెడ మీది వెంట్రుకలు లేస్తున్నాయి, పడుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి.

తెల్లదొరల కాలంలో గుట్ట మీద కట్టిన బంగళా అది. తెల్ల గోడలు, నల్ల దూలాలు. ఇప్పుడు అందులో అద్దెకుంటున్నది హైదరాబాదు నుంచి ఈ దేశానికి ఉద్యోగాలకు వచ్చిన దంపతులు చక్రధర్, దీక్షిత. సూర్యకుమారి పొద్దున్నే తానుండే పేట ఆంగ్ మో కియోలో బస్సెక్కి పనికి వస్తుంది. పొట్టి మనిషి. మోకాళ్లు వంగమని మొండికేస్తాయి గాని చేతులింకా గట్టివే. సబ్బునీళ్లలో నానీ నానీ వేళ్ల కొసలు ఎండు ఖర్జూరాల్లా ముడుచుకుపోయాయి. ఈ ఊళ్లోనే పుట్టింది, ఈ ఊరి ఇళ్లే తుడిచింది. పెళ్లయిన కొత్తలో, ఫోనులో ఖాళీ అన్న అద్దె గది ఈమె నల్లటి ముఖం చూడగానే నిండిపోయేది. భర్త మెట్ల మీదే కూలబడి తిట్టుకునేవాడు. ఈమె పోయి ఇంకో తలుపు కొట్టేది.

దీక్షిత శాలువా కప్పుకుని కాఫీ కప్పుతో వచ్చింది.

“ఆంటీ, మధ్యాహ్నం మేస్త్రీలు వస్తున్నరు. ఈ గోడలో హోల్ సిమెంటుతో క్లోజ్ చేసేస్తరు. నాతోని కాదింక. పంతులుగారు హోమం చేసి వెళ్లిపో వెళ్లిపో అన్నా ఈ చలిగాలి పోలే.”

“పొమ్మంటే పోయేవాడు కాదమ్మా.”

“భయపెట్టకండి ఆంటీ. చక్రికైతే జోక్. ఫ్రీ ఏసీ అంట.”

“ఫ్రీగా విసిరించుకోవడం ఈ ఇంటికి అలవాటేలే.”

దీక్షిత నవ్వబోయి, ఎందుకో ఆగి, మీటింగ్ ఉందంటూ మేడెక్కింది.

సూర్యకుమారి గోడవైపు చూసింది. పిడికిలి పట్టేంత రంధ్రం. తాడు ఒరిపిడికి దాని అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. అవతల సామాన్ల గది. ఒకప్పుడు ఇటు దొరల తలల మీద గుడ్డపంకా ఊగేది, అటు గోడ వెనక, కొబ్బరి చిప్పలో తాగునీళ్లు పక్కన పెట్టుకుని, ఒక మనిషి కూర్చుని దాని తాడు లాగేవాడు. దొరలకు గాలి కావాలి. గాలి విసిరేవాడి నలుపు కనబడకూడదు, చెమట వాసన బల్లదాకా రాకూడదు.

ఆమె నాయనమ్మ ఈ ఇంట్లోనే ఆయా. యుద్ధంలో జపాను వాళ్ల బాంబులకు కరెంటు పోతే అటక మీది పాత పంకా దించారనీ, సముద్రం దాటి రబ్బరు తోటల్లో కూలికొచ్చిన విశాఖ వైపు మనుషులిద్దరిని దానికి వంతులేసి పెట్టారనీ చెప్పేది. వాళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉండేది. పని దిగేవాడు ముందుగా తాడు వదలడు. మారు మనిషి వచ్చి పక్కన కూర్చుని, తాడు తన చేతిలోకి తీసుకుని, “దిగు” అనాలి. నడుమ గాలి ఆగిందో, ఇద్దరికీ బెత్తం దెబ్బలే.

జపాను వాళ్లకు జడిసి దొరలు ఊరు విడిచే రోజున మారు మనిషి బాంబుకు పోయాడు. మిగిలినవాడు అప్పన్న. భోజనం మధ్యలో పారిపోతాడేమోనని దొర ఆ గదికి బయట గొళ్లెం పెట్టించాడు. తిన్నారు, లేచారు, ఓడ రేవుకు పోయారు. గొళ్లెం సంగతి ఎవరికీ గుర్తు లేదు. దొర బిడ్డను ఓడ మెట్లదాకా మోసిన నాయనమ్మను, నల్లవాళ్లకు చోటు లేదని అక్కడే ఆపేశారు. సైనికులతో నిండిన వీధులు దాటి ఆమె బంగళా చేరేసరికి చాలా ఆలస్యమైంది.

“పేణం పోయినా ఆడి సెయ్యి తాడొగ్గలేదే,” అనేది నాయనమ్మ.

రంధ్రం మూస్తే మరి తాడు అందదు. అప్పన్నకు మారు ఎన్నటికీ రాదు.

సూర్యకుమారి చేతిగుడ్డ పిండి ఆరేసింది. సామాన్ల గదిలోకి వెళ్లి, గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. చెయ్యెత్తి రంధ్రం కింద వెతికింది. ఖాళీ. ఇంకాస్త పైకి చాచింది. అరచేతిలో గరుకుగా, తడిగా తాడు తగిలింది. భుజం జాయింటు ఊడేంత బలంగా అది ఆమెను పైకి గుంజింది. ఎడమ పక్కన ఎవరో ఎగపోస్తున్నారు. ఆమె అటు తిరగలేదు.

“మారొచ్చినాను అప్పన్న తాతా. తాడు నాకాడుంది. దిగు.”

తాడు బరువు సగమే ఆమె మీద ఉంది. రెండో సగాన్ని అతను వదలడం లేదు. ఆమె రెండు చేతులూ వేసి, పళ్లు బిగించి, తాళం తప్పకుండా లాగింది. అవతల గదిలో గాలి రివ్వుమంది. జాకెట్టు తడిసి వీపుకు అంటుకుంది. చాలాసేపటికి బరువంతా ఒక్కసారిగా ఆమె చేతుల్లోకి వచ్చింది.

అతను వదిలాడు. కానీ లేవలేదు. గాలి ఆగితే పడే దెబ్బకు ఇంకా ముడుచుకునే ఉన్నాడు.

ఇప్పుడు ఆమెకు “దిగు” అనేవాళ్లు లేరు. వేళ్లు విప్పుదామంటే విచ్చుకోలేదు. చేతులు వాటంతటవే లాగుతున్నాయి. తాను కూడా ఇక్కడే ఉండిపోతానని ఆమెకు అనిపించింది.

“ఈ ఇంటికి ఇంక మారు లేదు,” అని గోడతో అంది. ఒక్కో వేలు విప్పింది. చర్మం చీరుకుపోయింది. ఆఖరి వేలు కూడా వదిలింది.

గాలి ఆగిపోయింది.

ఇద్దరూ ఎదురుచూశారు. బూట్ల చప్పుడు రాలేదు. బెత్తం రాలేదు. మేడ మీంచి దీక్షిత గొంతు మాత్రం వచ్చింది.

“ఆంటీ, ఒక్కసారే ఇంత ఉక్కపోత ఏంది? కొంచెం ఏసీ వేస్తరా, ప్లీజ్?”

“వేస్తానమ్మా.”

పక్కన కీళ్లు విరుచుకున్న చప్పుడు. ఉత్తకాళ్లు ఆమెను దాటి, భోజనాల గది మీదుగా, వీధి తలుపు తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాయి.

అతను కూర్చున్న చోట, పాత సిమెంటు నేల మీద, ఒక కొబ్బరి చిప్ప ఉంది. అందులో నీళ్లు ఇంకా కదులుతున్నాయి.