ఇవాళ్టి తేదీ చెప్పన్నా

మా అన్న సంతోష్ పోయిన పన్నెండో రోజున కొత్త వీడియో పెట్టాడు. పెట్టింది నేను. మాట్లాడింది వాడు.

ఇది అర్థం కావాలంటే ముందు వాడి పిచ్చి గురించి చెప్పాలి. గ్రే హార్వెస్ట్ అని ఒక వీడియో గేమ్ ఉంది. అందులో లోకం అప్పటికే అంతమైపోయి ఉంటుంది. బూడిద కప్పిన ఊళ్ళలో ఒక్క మనిషి భుజాన సంచీ వేసుకుని, ఎక్కడైనా మొలకెత్తే విత్తనం దొరుకుతుందేమోనని తిరుగుతుంటాడు. రెండేళ్ళకోసారి కంపెనీవాళ్ళు ఆ ఆటకు కొత్త ఇలాకా ఒకటి కలుపుతారు. దాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు. ఇప్పటికి రెండు వచ్చాయి. ఎండిపోయిన సముద్రం ఒకటి, నేల కింద రైలు సొరంగాలు ఒకటి. మూడోది ఏమై ఉంటుందో ఊహించి చెప్పడమే మా అన్న యూట్యూబ్ చానల్ పని.

కంపెనీ ఒక్క ముక్క బయట పెట్టదు. వీళ్ళు మాత్రం పది సెకన్ల టీజర్‌లో చెట్టు నీడ ఎటు పడిందో చూసి, అది ఏ దేశమో, ఏ నెలో తేల్చేస్తారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆ సోమలింగం కోసం ముప్పై వేలమంది తెలుగువాళ్ళు కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళలో మా అన్న మాటకే విలువ ఎక్కువ. మూడోది అడవి అన్నాడు వాడు. "ఈసారి శత్రువులు ఉండరు తమ్ముళ్ళూ. మనం వెనక వదిలేసి వచ్చినోళ్ళే ఉంటరు" అన్నాడు. ఆ మాటను కొందరు చొక్కాల మీద కూడా అచ్చు వేయించుకున్నారు.

మాది భద్రాచలం రోడ్డు నుంచి లోపలికి, టేకు చెట్లు దాటాక వచ్చే తండా. అన్న భద్రాచలంలో ఒక మొబైల్ షాపులో రిపేర్లు చేసేవాడు. ఆ జూలైలో షాపులోకి నీళ్ళు వస్తాయని మూసేస్తే, ఐదు రోజులు ఇంట్లోనే ఉన్నాడు. రేకుల గదిలో వాన చప్పుడు పడకుండా తలమీద బొంత కప్పుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఐదు రోజులూ మాట్లాడుతూనే ఉన్నాడు. అడవి అయితే అని ఒకటి, మంచు అయితే అని ఒకటి, ఏదీ రాకపోతే అని ఇంకొకటి రికార్డు చేశాడు.

"ఏది నిజమైతే గది పెడత. నేను ముందే చెప్పిన అంట" అని నవ్వాడు.

"దొంగ సన్నాసివి" అన్నాను.

వాడితో నేను నేరుగా అన్న ఆఖరి మాటల్లో అదొకటి. ఆరో రోజు ఓనర్ ఫోన్ చేశాడు, సామాను పైకి ఎక్కించాలి రమ్మని. వాన తెరిపి ఇచ్చిందని బండి తీశాడు. వాగు మీద లో లెవెల్ వంతెన ఉంది. నీళ్ళు మోకాలి లోతే అనుకున్నాడో ఏమో. మూడు రోజుల తర్వాత బండి తుమ్మపొదల్లో దొరికింది. వాడు దొరకలేదు. మా వాగు గోదావరిలో కలుస్తుంది. ఆ వారం గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి పారుతోంది. ఇంక ఎక్కడని వెతుకుతారు?

యాడి, అంటే మా అమ్మ హేమ్లి, గుమ్మంలో కూర్చుండిపోయింది. ఏడవలేదు. శవం చూడనిదే ఏడవనంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మాత్రం టింగు టింగుమని మోగుతూనే ఉంది. కంపెనీ కొత్త టీజర్ వదిలిందట. అన్నా వీడియో ఏది, అన్నా నీ మాట ఏంది, అన్నా అడవేనా? పన్నెండు రోజులు భరించాను. ఆ మోత ఆగితే చాలని, "అడవి అయితే" అన్న ఫైలును వాడు చేసినట్టే కత్తిరించి పెట్టేశాను. నేను మండలంలో ఆన్‌లైన్ సెంటర్‌లో పని చేస్తాను. అది నాకు పెద్ద విద్యేం కాదు.

సాయంత్రానికి పక్కింటి ఫోన్‌లోంచి వాడి గొంతు వినిపించింది. యాడి దిగ్గున లేచి పోయింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది. మేం ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"సంతు మాట్లాడుతుండే. ఇయ్యాలనే పెట్టిండట. వాడే పెట్టిండా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె మొహం చూశాను.

"అవ్" అన్నాను.

ఆ ఒక్క మాట మీద పదిహేను నెలలు బతికాం. వాడు ఎక్కడో ఉన్నాడు, ఏదో తప్పు చేసి మొహం చెల్లక దాక్కున్నాడు, ఫోన్ చేయడు గానీ వీడియోలు పెడతాడు. ఇదంతా యాడి కట్టుకున్న కథ. నేను కాదనలేదు, అంతే. చచ్చినోడు వచ్చే నెల ముచ్చట ఎట్ల చెప్తడని అందరినీ ఎదురడిగేది. నెలకో వీడియో పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఇదంతా యాడి కోసమే కాదు. నాకూ వాడు కావాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ నలభై గంటల రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో. వాడు ఎక్కడ ఊపిరి పీలుస్తాడో, ఎక్కడ గొంతు సవరించుకుంటాడో నాకు కంఠతా వచ్చు. ఒకచోట మాట్లాడుతున్నవాడు ఆపి, "సంగీతా, ఫ్యాన్ బంద్ చెయ్యవే, సౌండొస్తంది" అంటాడు. అది వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపేదాన్ని. చెమటలు కారుతూ కూర్చునేదాన్ని. ఎందుకు ఆపుతున్నానో ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు.

మా ఇళ్ళలో దీపావళి పొద్దున పెద్దలకు పెట్టుకుంటాం. పొయ్యిలో నిప్పులు ఒకచోటికి లాగి, వాటి మీద బెల్లమన్నం, నెయ్యి వేస్తూ, పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాం. పిలిస్తే వచ్చి తింటారు. పిలవనివాళ్ళు ఆకలితో ఇంటి చుట్టూనే తిరుగుతారని అంటారు. కిందటేడు మా నాన్నకు అన్న, పెద్దబాపు భీమ్లా వచ్చి చెప్పాడు.

"హేమ్లీ, పోరని పేరు గూడ పిలువు. ఉపాసం పెట్టకు."

యాడి గరిటె కింద పెట్టేసింది. "బతికున్నోని పేరు నిప్పుల మీద పిలుస్తరా? నీ నోట్ల మన్ను వడ" అంది. పెద్దబాపును మా ఇంట్లో ఎవరైనా అంత మాటనడం అదే మొదలు. ఆయన నా వంక చూశాడు. నేను పొయ్యి వంక చూశాను. మా బాపు పూల్‌సింగ్ పేరు ఒక్కటే పిలిచి, ఆ ఏడు ముగించాం.

ఆ రోజు నుంచే ఇల్లు నాకు బరువైంది. రేకుల గది తలుపు గాలికి కొట్టుకుంటే లేచి చూసేదాన్ని. అన్నం తింటుంటే ఎవరో నా కంచం వైపు చూస్తున్నట్టుండేది. దయ్యాలను నమ్మేదాన్ని కాదు. వాడి నోట్లోకి మాటలైతే తెచ్చాను గానీ, ముద్ద మాత్రం అందనివ్వలేదని మనసులో ఒక మూల తొలుస్తూనే ఉండేది.

ఈ ఏడు దీపావళికి రెండు రోజుల ముందు, మధిర నుంచి తుల్సీరాం అనే అభిమాని ఒక వీడియో పెట్టాడు. టీజర్‌లో చెట్టుకు ఎన్ని కొమ్మలున్నాయో లెక్కపెట్టే రకం వాడు. ఈసారి లెక్కపెట్టింది మా అన్నను.

పదిహేను నెలల వీడియోలన్నిట్లో వెనక వాన పడుతోంది అన్నాడు. ఏప్రిల్‌లో కూడా. మే నెలలో కూడా. అన్న ఒక్కసారి కూడా తేదీ చెప్పలేదన్నాడు. నాలుగు వేర్వేరు వీడియోల్లో ఒకే దగ్గు ఉందన్నాడు. ఇంకొకటి కూడా వినిపించాడు. వాన వెనక సన్నగా ఒక ఆడమనిషి పిలుపు. దాన్ని పట్టుకుని, ఇది మూడో ఇలాకాకు ఆనవాలని అభిమానులు కొన్నాళ్ళు తెగ చించుకున్నారట. కల్లూరు దగ్గరి తండా పిల్ల ఒకామె విని, అది లంబాడీ అని, "అన్నం చల్లారుతుంది, రా" అని తల్లి పిలుస్తోందని చెప్పింది.

"ఇవన్నీ ఒక్క వారంలో మాట్లాడినవి అనిపిస్తోంది" అన్నాడు తుల్సీరాం. "అన్న లేడేమో అని నా అనుమానం. నాది తప్పయితే కాళ్ళు పట్టుకుంటా. ఒక్కసారి ఇవాళ్టి తేదీ చెప్పన్నా. అంతే చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడు వీడు? మా ఇంటి వాన లెక్క వీడికెందుకు? ఆ మంటలోనే మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచాను. యాడి పత్తి ఏరడానికి పోయింది. తేదీ కావాలి కదా, చెప్పిస్తాను అనుకున్నాను. "అక్టోబర్" అన్న మాట దొరకడం కష్టం కాలేదు. విడుదల అక్టోబర్‌లో ఉండొచ్చని వాడే అన్నాడు. "పంతొమ్మిది" దొరికింది, పంతొమ్మిదో బంకర్ గురించి చెప్పినచోట. "ఇయ్యాల" అయితే వందసార్లు అన్నాడు. మూడూ తెచ్చి పక్కపక్కన పెట్టాను. మధ్యలో కాస్త వాన అతికించాను.

"ఇయ్యాల... అక్టోబర్ పంతొమ్మిది" అన్నాడు మా అన్న.

పోయిన మనిషి బతికున్నవాళ్ళ రోజును పలికాడు. అంతవరకూ వాడు చెప్పినవన్నీ వాడి మాటలే. ఇది వాడిది కాదు. ఆపేయాల్సింది. కానీ "పంతొమ్మిది" కాస్త గట్టిగా పడింది, అతుకు తెలిసిపోతోంది. సరిచేద్దామని మళ్ళీ నొక్కాను. పంతొమ్మిది. ఇంకొంచెం కత్తిరించి నొక్కాను. పంతొమ్మిది. పంతొమ్మిది.

వెనక ఎవరో ఉన్నారని తెలిసి తిరిగాను. యాడి, నడుముకు పత్తి ఒడి అలాగే ఉంది. నా మొహం చూడటం లేదు. నా వేలిని చూస్తోంది.

"మళ్ళ ఒత్తు" అంది.

ఒత్తాను. వాడు మాట్లాడాడు. వేలు తీశాను. వాడు ఆగిపోయాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. పత్తి ఒడి విప్పి గోడ పక్కన పెట్టి, నా పక్కన కింద కూర్చుంది.

"అన్నీ నువ్వేనా?"

"అవ్, యాడీ."

"మొదటి దినం సంది?"

"అవ్."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించి అడిగింది.

"ఏ మాటంటే గా మాట చెప్పిస్తవా? యాడీ అని పిలిపియ్యి."

వెతికే పని లేదు, ఎక్కడుందో నాకు తెలుసు. ముందు వాన. దూరం నుంచి ఆమె గొంతే, అన్నం చల్లారుతుంది రమ్మని. తర్వాత మైకుకు దగ్గరగా వాడు, విసుగ్గా, "ఆఁ యాడీ, వస్తున్న."

యాడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ తీసి, "ఆ పూట వచ్చి తిన్నడానే?" అంది.

గుర్తు లేదు. ఇద్దరికీ గుర్తు లేదు. వాడు వచ్చి తిన్నాడో, మాటల్లో పడి మరిచిపోయి పస్తే పడుకున్నాడో, ఎంత తలబద్దలు కొట్టుకున్నా తేలలేదు. నలభై గంటల రికార్డింగులో అదొక్కటే లేదు.

"వాళ్ళకేం చెప్పను యాడీ? ముప్పై వేలమంది ఉన్నరు" అన్నాను.

"ఉన్నది చెప్పు. నా లెక్కనే ఆళ్ళు గూడ ఎదురుచూస్తుండ్రు గద."

తుల్సీరాం వీడియో కింద నా పేరుతో రాశాను. నువ్వు చెప్పింది నిజం, అన్న పోయిన ఏడు జూలైలో వాగులో పోయాడు, ఇన్నాళ్ళూ వీడియోలు పెట్టింది చెల్లెలినైన నేను, తప్పు నాది అని. అతికించిన తేదీని చెరిపేశాను.

మర్నాడు దీపావళి పొద్దున యాడి బెల్లమన్నం వండింది. పెద్దబాపు వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఆయనకు అర్థమైనట్టుంది. మా ఇంట్లో పిలుపుకు మూడు మాటలు. రా, తిను, సల్లగ పో. యాడి మా బాపును పిలిచి పెట్టింది. తర్వాత విస్తరి నా చేతికిచ్చింది.

"పెద్దోళ్ళు పెట్టాలె గద" అన్నాడు పెద్దబాపు.

"దాన్నే పెట్టనియ్యి బావా. పదిహేను నెలలు వాణ్ణి ఉపాసం పెట్టింది గద" అంది యాడి. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

నిప్పుల మీద ముద్ద వేశాను. "సంతోష్ భియా, రా" అన్నాను. ఆ మాట సులువే, ఇన్ని నెలలుగా నేను చేసిన పని అదే. "తిను" అన్నాను. మూడో మాట గొంతు దాటలేదు. అన్నం మాడుతున్న వాసన వస్తోంది, పొగ కళ్ళలోకి వస్తోంది, నోరు తెరిచి అలాగే ఉండిపోయాను.

యాడి నా వీపు మీద చెయ్యి వేసింది.

"అను బిడ్డా. పొమ్మనకపోతే వాడు గీడనే ఉంటడు. ఉండాలెననే ఉంది నాకు గూడ. అయినా అను."

"పో, భియా" అన్నాను.

నెయ్యి పోశాను. మంట లేచింది. పదిహేను నెలల్లో మొదటిసారి యాడి నా కొడుకా అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. నేను ఆమెను పట్టుకున్నాను.