నా క్యాలెండర్ల బేస్తారాలు

నా ఇంట్ల ఒక్కటే పట్టింపు. బయటున్న పిల్ల వంటింట్లకు రావద్దు. అశోక్‌నగర్ల పై రూములు చదువుకునే పిల్లలకు కిరాయికిచ్చి, వాళ్లకు నేనే వండిపెడ్త. ఎవరు ఏ తారీకు బయటున్నరో క్యాలెండర్ల సున్న చుడ్త. "యశోదమ్మ కాదు, జైలరమ్మ" అని నవ్వుకుంటరు. నవ్వుకోనీ, నాకేంది.

ఆ పిల్లలల్ల త్రివేణి పరుగు పిల్ల. రోజూ పొద్దుగాల ట్యాంక్‌బండ్ మీద పది కిలోమీటర్లు ఉరికొచ్చి, రెండిడ్లీలు తిని లేస్తది. ఇంకోటి వెయ్యబోతే "బరువు పెరుగుత పెద్దమ్మా" అంటది. ఫిబ్రవరిల రాష్ట్ర పోటీలు. అండ్ల గెలిస్తే స్పోర్ట్స్ కోటల నౌకరికి దారి పడ్తది. ఆమె నాయిన పీరయ్య నడుం విరిగి మంచంల ఉన్నడు. ఇంటికి ఆ నౌకరే దిక్కు.

రెండువేల పన్నెండు డిసెంబర్ల ఆమెకు మోకాలి కింద ఎముక నొప్పి వట్టింది. బాము రాసిన, కాపడం పెట్టిన, తగ్గలె. కుంటుకుంట ఉరుకుతుంటే చూడలేక నారాయణగూడల డాక్టరమ్మ దమయంతి కాడికి గుంజుకపోయిన.

ఎక్స్‌రే చూసి, ఎముక పగుల్లిచ్చిందన్నది. "నెలనెలా సరిగ్గ వస్తదా?" అనడిగింది.

త్రివేణి నోరు తెరవకముందే నేనందుకున్న. "ఒక్క నెల గూడ ఆగదమ్మా. నా సాయిబాబ పూజ రోజే చూస్కొని బయటుంటది. ఎప్పుడైనా బేస్తారమే."

డాక్టరమ్మ కలం కిందవెట్టింది. "ప్రతిసారీ బేస్తారమేనా? ఏం మాత్రలేస్కుంటున్నవు బిడ్డా?"

త్రివేణి సంచిలకెళ్లి అట్ట తీసింది. ఏడాది కింద నెలసరి ఆగిపోతే ఊర్లె ఆరెంపీ డాక్టరు ఇచ్చిండట. గర్భం రాకుండ వాడే మాత్రలు! పెండ్లిగాని పిల్లకు! త్రివేణి దిక్కు కోపంగ చూసిన.

"ఆమె తప్పేం చెయ్యలె," అన్నది డాక్టరమ్మ. "ఇరవై ఒక్క రోజులు మాత్ర, ఏడు రోజులు ఆపుడు. ఆపినప్పుడల్ల రక్తం కనవడ్తది. అందుకే అదే వారం. ఒంటికి వారాలు తెల్వయి. ఉరుకుడెక్కువై, తిండి తక్కువై, అసలు నెలసరి ఆగే ఉన్నది. ఎముక బలం తగ్గింది. మాత్రలు దాన్ని కప్పిపెట్టినయి."

మాత్రలు ఆపాలె. కడుపునిండ తినాలె. మూడు నెలలు ఉరుకొద్దు. అంటే పోటీ పోయినట్టే. ఆటోల త్రివేణి ఎక్కెక్కి ఏడ్సింది. నేను తిట్టలె. ఆ సున్నలు చూసి అంత సరిగ్గ వస్తుందని మురిసింది నేనే గద. మస్తు సిగ్గైంది.

కొత్త క్యాలెండరొచ్చింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, ఆమెకొక్క సున్న లేదు. రోజూ పప్పు, నెయ్యి, గుడ్డు. "తింటవా, తన్నాల్నా?" అని కూసోవెట్టి తినిపిచ్చిన.

మే నెలల ఒక మంగళారం వంటింటి గడప అవుతల నిలవడ్డది. "పెద్దమ్మా, బయటున్న."

"మాత్రలేస్కున్నవా?"

"లే. నీ మీదొట్టు."

చెయ్యివట్టి వంటింట్లకు గుంజిన. "పెద్దమ్మా, నీ పట్టింపు..." అన్నది.

"నోర్మూస్కొని కూసో," అన్న. పొయ్యి పక్కనే పీటేసి అన్నం పెట్టిన. వడ్డిస్తుంటే నాకు ఏడుపాగలె.