అక్క పడుకున్న పెట్టె

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది చిత్రిక. వీధి గదిలో వడ్రంగి చెక్క మీద దాన్ని ఆడించే చప్పుడుకే పిల్లలు కళ్ళు నులుముకునేవాళ్ళు. బడివేళ అయ్యేసరికి గడపదాకా పొట్టు పరుచుకుని ఉండేది. "ఊడ్చినంత సేపు పట్టదు మళ్ళీ పోయడానికి," అని అతని భార్య సణుగుతూ చీపురు తీసేది.

అతను చేసేవి పెట్టెలు. మూత సరిగ్గా బిగిసిందంటే అందులో ఏది పెట్టినా పెట్టింది పెట్టినట్టే ఉండేది. మలుపులో పూలమ్మే ఆవిడ మిగిలిపోయిన పూలు పెట్టెలో పడేసి ఇంటికెళ్ళిపోయేది. మర్నాడు తీస్తే అవే పూలు, నీటిచుక్కలతో సహా. ఎదురింటి పోస్టుమాస్టరు పొద్దున కాచిన టీని సాయంత్రం పనినుంచి వచ్చే భార్యకి పొగలు కక్కుతుండగా ఇచ్చేవాడు. ఆయన ఫిర్యాదల్లా ఒకటే, మూత బందులు కిర్రుమంటున్నాయని. "ఓ చుక్క నూనె వేసుకోండి సార్, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అనేవాడు వడ్రంగి.

ఇద్దరు కూతుళ్ళు అతనికి. పేర్లు కాగితాల మీద రాయడానికే పనికొచ్చేవి. ఇంట్లో ఒకరు పెద్దది, ఒకరు చిన్నది. పెద్దది బొమ్మల్ని వరసగా నిద్రపుచ్చేది. ఇంకా మాటలు సరిగ్గా రాని చిన్నది వాటి కాళ్ళు పీకి తెచ్చి అక్క ఒళ్ళోనే పోసేది. ఈ గొడవ పడలేక, ఇద్దరికీ కలిపి ఒక బొమ్మల పెట్టె చేసిస్తానన్నాడు తండ్రి. మూత మాత్రం కావాలనే వదులుగా పెడదామనుకున్నాడు. బొమ్మలన్నాక పాతబడాలి, విరగాలి, లేకపోతే ఆట ఎలా అవుతుంది?

పెట్టె ముందువైపు రంగులు వేసే పని పెద్దదే తీసుకుంది. ఒక చేప పూర్తిచేసి, రెండో చేప తోక దగ్గర కుంచె కింద పెట్టేసింది.

"చెయ్యి నొప్పా?" అన్నాడు తండ్రి.

"కాదు నాన్నా. చేప బరువుగా ఉంది."

మోచేతి దగ్గర సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ కనిపించింది అతనికి. ఎక్కడా దెబ్బ తగల్లేదంది. ఆ వారంలోనే అలాంటివి వీపు మీద, మోకాళ్ళ మీద వచ్చాయి. మెట్లెక్కడానికి తల్లి చంక కావలసివచ్చింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, పిల్లని బయట కూర్చోబెట్టమని తల్లికి చెప్పి, తండ్రిని మాత్రం ఉండమంది.

"ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోతోంది. దీనికి మందు ఉంది. అంటే, ఉండబోతోంది. తయారుచేస్తున్నారు. మనుషులకి ఇచ్చే దశకి రావాలంటే ఏళ్ళు పడుతుంది."

"మరి మా పాపకి?"

ఆవిడ బల్లమీది గాజుబిళ్ళ అటూ ఇటూ జరిపింది. "చలికాలం దాటుతుందని నేను చెప్పలేను."

ఆవిడే మళ్ళీ అడిగింది. "మనిషి పట్టేంత పెట్టె ఎప్పుడైనా చేశారా?"

"లేదండీ."

"చెయ్యండి. సందు మాత్రం ఉండకూడదు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే భార్య చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది. "బతికున్న పిల్లని పెట్టెలో పెట్టి మూత వేస్తావా? నీకు మతి ఉందా?"

"వెయ్యకపోతే..." అన్నాడతను. మిగతాది ఆమె అననివ్వలేదు. ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు. పక్కగదిలో పెద్దది చెల్లికి గోడమీద నీడలతో కుక్కని చేసి చూపిస్తోంది. చెయ్యి పైకెత్తలేక మధ్యమధ్య ఆగుతోంది.

బొమ్మల పెట్టెనే విప్పేశాడు. తన చేపలు పోయాయని పెద్దది ఏడుస్తుందేమో అనుకుని చేపలున్న పలకని మాత్రం అలాగే ఉంచి, పక్కల్ని పెంచాడు. కొన్న చెక్క ఆరేదాకా ఆగే వ్యవధి లేదు. పడగ్గది తలుపు ఊడదీసి కోశాడు. మంచం పట్టీలు తీశాడు. మూలలు పళ్ళు పళ్ళుగా కోసి ఒకదాన్లో ఒకటి దిగ్గొట్టి, లోపల మంచుగడ్డ ఒకటి పెట్టి మూత వేశాడు. పొయ్యిమీద ఎసరు మరిగేంత సేపు ఆగి తీశాడు. అడుగున నీళ్ళు.

విప్పి మళ్ళీ చేశాడు. మళ్ళీ నీళ్ళు. చిన్న పెట్టెలకి ఏనాడూ తప్పని చెయ్యి ఈ పెద్ద మూత దగ్గర తప్పుతూనే ఉంది. ఒకవైపు బిగిస్తే రెండోవైపు లేస్తోంది. ఇవతల పిల్ల చిగుళ్ళనుంచి రక్తం రావడం మొదలైంది. తింటే ఇమడట్లేదు. అతనికి ఉలి పట్టుకుంటే భయం, వదిలేస్తే ఇంకా భయం. ఒకరోజు కరిగిన నీళ్ళని చూసి సుత్తి గోడకేసి కొట్టి, ఆ పొట్టులోనే చతికిలబడి ఏడ్చాడు.

భార్య వచ్చి సుత్తి తీసి పక్కన పెట్టింది. "నీ చేతులు వణుకుతున్నాయి. చెక్క ఎలా నిలుస్తుంది? నేను పట్టుకుంటా, లే."

ఏనాడూ చెక్క ముట్టని మనిషి. మూతకి తన ఒంటి బరువంతా ఆనించి, అతను చిత్రిక పట్టినంత సేపూ కదలకుండా నిలబడింది. ఎక్కడ ఎత్తుగా ఉందో అరచేత్తో తడిమి చెప్పింది. ఈసారి తీస్తే మంచుగడ్డ అంచులు కూడా కరగలేదు. ఇద్దరూ దానివంక చూశారు. సంతోషించడానికి ఒక్కరికీ మనసు రాలేదు.

పెట్టెలో దుప్పటి పరుస్తుంటే పెద్దది అడిగింది. "లోపల చీకటా?"

"నీకు చీకటి తెలిసేలోపే తీసేస్తాను."

"ఊపిరాడకపోతే?"

"ఊపిరి పీల్చేంత సేపు కూడా ఉండదమ్మా నీకు. రెప్పపాటే."

"మీకో?"

అతను దుప్పటి సర్దుతూ ఉండిపోయాడు. తల్లి పిల్ల జుట్టు దువ్వి, నుదుటిమీద పెదాలు ఆనించి, చాలాసేపు అలాగే ఉంది. చిన్నది తన బొమ్మలన్నీ ఈడ్చుకొచ్చి ఒక్కొక్కటే అక్క కాళ్ళ దగ్గర పడేసింది. ఆటలో ఇది కొత్త రకం అనుకుంది. మూత పడగానే దానిమీద అరచేతుల్తో బాదుతూ "అక్కా, లే" అని మొదలుపెట్టింది. తల్లి ఎత్తుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

తరవాత ఆ ఇల్లు ఆ పెట్టె చుట్టూ బతికింది. దానిమీద ఎవరూ కూర్చోలేదు, ఏమీ పెట్టలేదు. పెట్టె తెరిచిన ప్రతిసారీ పిల్లకున్న కాసిని రోజుల్లోంచి కాస్త ఖర్చవుతుంది కాబట్టి తెరవలేదు. చిన్నది దాని పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దింది, లెక్కలు చేసింది, జడ వేసుకోవడం నేర్చుకుంది. పక్షవాతం వచ్చినట్టు నిలిచిపోయిన ఆ రెండో చేపకి తోక గియ్యబోతే తల్లి వద్దంది. "అది అక్క పని."

ఒక మధ్యాహ్నం వడ్రంగి వచ్చేసరికి భార్య గొళ్ళెం మీద చెయ్యేసి ఉంది.

"ఒక్కసారి చూసి వేసేస్తాను."

"వద్దు."

"ముఖం మర్చిపోతున్నానయ్యా."

అతను ఆమె చెయ్యి తీసి తన చేతుల్లో పెట్టుకున్నాడు. ఇద్దరూ పెట్టెకి వీపు ఆనించి పొద్దుగూకేదాకా కూర్చున్నారు.

ఆమె మళ్ళీ ఆ ముఖం చూడలేదు. ఒక పొద్దున బట్టలారేస్తూ తీగ పట్టుకునే కూలబడిపోయింది. ఆ చావు ఆమెకి పెట్టె సంగతి తలుచుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. వడ్రంగి ఆ తరవాత పని బాగా తగ్గించేశాడు. మందు గురించి అడగడానికి ఆస్పత్రికి వెళ్తూనే ఉన్నాడు. "ఇంకా రాలేదండీ" అన్న మాట వినివిని, గుమ్మంలో డాక్టరమ్మ ముఖం చూసే వెనక్కి తిరిగేవాడు. ఆవిడా రిటైరైపోయింది. ఆవిడ కుర్చీలోకి వచ్చిన కుర్ర డాక్టరు ఒకరోజు అతన్ని వెనక్కి తిరగనివ్వలేదు.

"వచ్చింది. మీరు వెళ్ళి ఇంట్లో ఉండండి, నేనే తెస్తాను. నేను చెప్పేదాకా మూత తియ్యకండి."

ఇంటికొచ్చి సూదిమందు సిద్ధం చేసుకుని డాక్టరు తలూపాడు. వడ్రంగికి గొళ్ళెం తియ్యడం చేతకాలేదు. చిన్నది తీసింది. మూత ఎత్తింది.

పిల్ల కళ్ళు తెరిచే ఉంది. చిగుళ్ళ దగ్గర రక్తం ఇంకా ఎర్రగా, తడిగా ఉంది. "ఇంకా మూత వెయ్యలేదేం?" అంది నీరసంగా. పైకి వంగిన మనిషిని చూసి రెండు చేతులూ చాపింది. "అమ్మా, ఎత్తుకో."

చిన్నది తల్లి పోలిక. ఆ కళ్ళు, ఆ చెంపలు, ఇప్పుడు దాదాపు ఆ వయసు. వంగి ఎత్తుకుంది. చంకన అంత తేలిగ్గా ఉంటుందని ఊహించలేదు.

"అమ్మా, చెల్లి ఏది? ఏడుస్తోందా?"

ఈ ఘడియలో ఏం చెప్పాలో చిన్నది ఎన్నో ఏళ్ళుగా అనుకుని ఉంచుకుంది. ఒక్కటీ గుర్తురాలేదు. "లేదక్కా," అంది. "ఏడవట్లేదు."

పిల్ల తల వెనక్కి తీసి ఆ ముఖంలోకి చూసింది. తరవాత గోడ పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని చూసింది. మళ్ళీ ఈ ముఖంలోకి చూసింది.

"నువ్వా?"

"నేనే."

"అమ్మేది మరి?"

డాక్టరు సూది పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"చెప్తాను. అంతా చెప్తాను," అంది చిన్నది. "ముందు చెయ్యి ఇటివ్వు అక్కా. ఇటు చూడకు."

పిల్ల ఇంకేమీ అడగకుండా ముఖాన్ని చెల్లెలి మెడలో దాచుకుని, మచ్చలున్న చెయ్యి మాత్రం బయటికి చాపింది. సూది దిగినప్పుడు చెల్లెలి భుజం గట్టిగా కొరికింది. చెల్లెలు కదల్లేదు. మందంతా లోపలికి వెళ్ళేదాకా అలాగే నిలబడింది.